తక్కువ ఖర్చుతో ట్రాక్టర్ వెనుక బ్లేడు: పొదుపు ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు

(చెన్నైలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ హాలులో ఉన్నవారిలో చాలామంది వారమంతా అంబత్తూరులోనో గిండీలోనో పనిచేసి, సెలవు దొరకగానే సూళ్లూరుపేట, నాయుడుపేట, సత్యవేడు వైపు బయలుదేరి, ఊళ్లో ఉన్న నాలుగెకరాల సంగతి చూసుకొని తిరిగి వచ్చేవారేనని నాకు తెలుసు. కాబట్టి కయ్యను చదును చేయడం ఎందుకో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక్క లెక్క మాత్రం చెప్పి అసలు విషయానికి వస్తాను. ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు ఎత్తున నీళ్లు నిలబెట్టాలంటే సుమారు 40 వేల లీటర్లు కావాలి. కయ్యలో ఒక మూల ఐదు సెంటీమీటర్లు మెరకగా ఉంటే, ఆ మూల తడవడం కోసం మిగతా నేలంతటా ఆ ఐదు సెంటీమీటర్లూ అదనంగా నింపుకోవాలి. అంటే ఎకరానికి ఒక్కో తడికి రెండు లక్షల లీటర్లకు దగ్గరగా నీళ్లు వృథాగా ఎక్కించవలసి వస్తుంది. బోరు నీళ్ల మీద బతికే పల్లెలో ఇది చిన్న విషయం కాదు.

ఈ పనికి లేజర్ లెవలర్ మేలైన సాధనమే. అది బాడుగకు దొరికే చోట, ఏటా ఒకసారి పెట్టుకోగలిగినవారు పెట్టుకోవడమే మంచిది. కానీ గెనిమ పక్కన పేరుకున్న మట్టిని లాగడం, కల్లం చదును చేయడం, వానకు కోసుకుపోయిన బండిబాటను పూడ్చడం, పేడకుప్పను పరచడం వంటి చిల్లర పనులకు ఎవరూ లేజర్ లెవలర్‌ను పిలవరు. వాటికి కావలసింది ట్రాక్టర్ వెనుక తగిలించే ఆరడుగుల బ్లేడు. దానిని కాస్త వెల్డింగు తెలిసినవారు సొంతంగా తయారు చేసుకోవచ్చు. 35 నుంచి 45 హార్స్‌పవర్ ట్రాక్టర్‌ను దృష్టిలో పెట్టుకొని మాట్లాడతాను.

మొదటి ప్రశ్న బ్లేడు ముందు పెట్టాలా, వెనుక పెట్టాలా అన్నది. చూడడానికి ముందు బ్లేడే బాగుంటుంది. నడిపేవాడు మెడ తిప్పనక్కరలేదు, జేసీబీలాగా దర్జాగా కూడా ఉంటుంది. అయితే ట్రాక్టర్‌కు లారీకి ఉన్నట్టు ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగు, గేర్‌బాక్సు, వెనుక ఇరుసు హౌసింగు ఒకదానికొకటి బోల్టులతో బిగిసి, ఆ పోత ఇనుప పెట్టెలే వెన్నెముకగా పనిచేస్తాయి. ముందు బ్లేడు రాయిని గుద్దినప్పుడు ఆ దెబ్బ నేరుగా ఈ పోత ఇనుము మీదికి పోతుంది. పోత ఇనుము వంగదు, పగులుతుంది. అలా కాకుండా ఉండాలంటే బ్లేడు నుంచి వెనుక ఇరుసు దాకా ట్రాక్టర్ కింద రెండు పొడవాటి దూలాలతో ప్రత్యేకమైన చట్రం కట్టాలి, పైగా హైడ్రాలిక్ సిలిండరు, వాల్వు, గొట్టాలు కొనాలి. అంత ఖర్చు పెట్టగలిగినవారు తయారైన సరుకే కొనుక్కోవచ్చు. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారికి వెనుక బ్లేడే దారి, ఎందుకంటే దానిని ఎత్తి దించే యంత్రాంగమంతా ట్రాక్టర్ కొన్నరోజే మనకు వచ్చింది.

ఆ యంత్రాంగానికి ఉత్తర ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ 1926లో పేటెంటు పొందాడు. అంతకు ముందు మడకను గొలుసుతోనో కడ్డీతోనో ట్రాక్టర్ వెనుక ఈడ్చేవారు. మడక ఏదైనా వేరుకో రాయికో తగులుకుంటే ముందు చక్రాలు పైకి లేచి, ట్రాక్టర్ వెనక్కి తిరగబడి నడిపేవాడి ప్రాణం తీసేది. కింద రెండు చేతులు లాగుతూ, పైన ఒక లింకు ముందుకు నెడుతూ ఉంటే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుందని ఫెర్గూసన్ చూపించాడు. 1953లో అతని సంస్థ మాసీ హారిస్‌తో కలిసింది. ఆ వంశంలోని ట్రాక్టర్లను మన చెన్నైలోనే 1960లో పుట్టిన టాఫే సంస్థ తయారు చేస్తూ వచ్చింది. ఇవాళ మన దేశంలో ఏ కంపెనీ ట్రాక్టర్ వెనుకకు వెళ్లి చూసినా కనిపించేది ఆ మూడు బిందువుల అమరికే. దాని కొలతలు ప్రామాణికమైనవి, ట్రాక్టర్ పరిమాణాన్ని బట్టి కేటగిరీలుగా ఉంటాయి. రెండో కేటగిరీలో కింది పిన్నుల వ్యాసం 28 మిల్లీమీటర్లు, పై పిన్ను 25, కింది రెండు బిందువుల మధ్య దూరం 825, కింది పిన్నుల నుంచి పై పిన్ను ఎత్తు 610 మిల్లీమీటర్లు. మొదటి కేటగిరీలో ఇవే వరుసగా 22, 19, 683, 460. మనం మాట్లాడుతున్న పరిమాణంలో రెండూ కనిపిస్తాయి కనుక ఊరికి వెళ్లినప్పుడు ఒక వెర్నియర్ తీసుకుపోయి సొంత ట్రాక్టర్‌ను కొలుచుకొని రండి. పక్కింటివారి ట్రాక్టర్ కొలత మీద చేసిన బ్లేడు పక్కింటివారికే పనికొస్తుంది. (సభలో నవ్వులు)

ఇప్పుడు బలం లెక్క చూద్దాం. ఇది తెలియకుండా ఇనుము కొనడానికి వెళ్లకూడదని నా అభిప్రాయం. ఈ పరిమాణంలో ఉన్న ట్రాక్టర్, నడిపేవాడితో, బ్లేడుతో కలిపి రెండు టన్నుల వరకు తూగుతుంది. గట్టి నేల మీద అది లాగగలిగే బలం సుమారు తన బరువులో సగం, అంటే ఒక టన్ను. ఆ టన్ను బలం బ్లేడు పొడవునా సమానంగా పడినంతసేపు ఏ ఇబ్బందీ ఉండదు. బ్లేడు కొసకు రాయి తగిలినప్పుడే కథ మారుతుంది. బ్లేడు ఆరడుగులు, అంటే 1.8 మీటర్లు, మధ్య నుంచి కొసకు 0.9 మీటరు. ఒక టన్ను బలం 0.9 మీటరు దూరంలో పడితే, బ్లేడు తిరిగే ఇరుసు దగ్గర 0.9 టన్ను మీటరు మెలి వస్తుంది. బ్లేడును కోణంలో నిలిపే పిన్ను ఆ ఇరుసుకు 200 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకోండి, 0.9ని 0.2తో భాగిస్తే నాలుగున్నర టన్నులు. కొస మీద పడిన ఒక టన్ను, ఆ బొటనవేలంత పిన్ను దగ్గరకు వచ్చేసరికి నాలుగున్నర టన్నులవుతుంది. ఇది నిదానంగా లాగినప్పటి లెక్క. వేగంగా పోతూ గుద్దితే ఇంతకు రెండు మూడింతలు కావచ్చు.

ఈ ఒక్క లెక్కలోనే మన బడ్జెట్టు అంతా ఉంది. మట్టిని తోసే వంపు ప్లేటు మీద బలం పరచుకొని పడుతుంది. ఇరుసు, పిన్ను, వాటిని పట్టుకున్న ప్లేట్ల దగ్గర అదే బలం పోగై పడుతుంది. మనవాళ్లు బ్లేడు చేయించేటప్పుడు కంటికి పెద్దగా కనిపించే వంపు ప్లేటును మందంగా వేయిస్తారు, ఎవరికీ కనిపించని పిన్ను దగ్గర షెడ్డులో దొరికిన బోల్టు దూరుస్తారు. వీలైతే దానికి తిరగేసి చేయండి.

రూపాయల్లో చెబితే ఇంకా తేటగా ఉంటుంది. ఇనుప ప్లేటు బరువు కట్టడం సులువు: ఒక చదరపు మీటరుకు, ఒక మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. ఆరడుగుల బ్లేడుకు ఎనిమిది మిల్లీమీటర్ల వంపు ప్లేటు 54 కిలోలు, దాని వెనుక పక్కటెముకలు పది, కింది కోత అంచు 25, హిచ్‌కు, అంటే ఆ మూడు బిందువుల అమరికకు, తగిలించే చట్రం 35, మధ్య దూలం పది, ఇరుసు ప్లేట్లు 40, పిన్నులు, బుష్‌లు, బోల్టులు పది. మొత్తం సుమారు 185 కిలోలు. కిలో 70 రూపాయలనుకుంటే ఇనుముకు 13 వేలు. మీరు కొనేనాటి ధర ఎంత ఉంటే అంత వేసుకోండి, నిష్పత్తి మారదు. ఇప్పుడు వంపు ప్లేటును ఎనిమిది నుంచి ఆరు మిల్లీమీటర్లకు తగ్గిస్తే పదమూడున్నర కిలోలు, అంటే తొమ్మిది వందల పైచిలుకు మిగులుతుంది. ఇరుసు ప్లేట్లను పదహారు నుంచి పదికి తగ్గిస్తే పదిహేను కిలోలు, అంటే వెయ్యి పైచిలుకు మిగులుతుంది. ఆదా రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. మొదటి ఆదాకు శిక్ష ఏమీ లేదు, వెనుక పక్కటెముకలు దగ్గర దగ్గరగా, ఒకటిన్నర అడుగుకు ఒకటి చొప్పున పెడితే చాలు. రెండో ఆదాకు శిక్ష ఏమిటంటే పిన్ను రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయి, ఏడాది తిరగకుండానే బ్లేడు ఊగడం మొదలవుతుంది.

ఇక సరుకు ఎక్కడ దొరుకుతుందన్నది. ఈ విషయంలో చెన్నైలో ఉన్నవారు అదృష్టవంతులు. 1964లో మొదలైన అంబత్తూరు పారిశ్రామికవాడలో ప్లేటు కోసే వర్క్‌షాపులకు కొదవ లేదు. పెద్ద ప్లేటులోంచి కావలసిన ఆకారం కోసుకున్నాక మిగిలే ముక్కలను తూకానికి అమ్మే షాపులు ఉంటాయి. మనకు కావలసిన పదహారు మిల్లీమీటర్ల ఇరుసు ప్లేట్లకు అవే సరిపోతాయి. కూవం ఒడ్డున ఉన్న పుదుపేట సంగతి వేరే చెప్పాలా? పాత బండ్లను విప్పి అమ్మే ఆ వీధుల్లో లారీ కింగ్‌పిన్నులు, హబ్బులు, కమాన్ పట్టీలు గుట్టలుగా ఉంటాయి. కాకపోతే పుదుపేటలో కొన్న సరుకును కళ్లు మూసుకొని వాడకూడదు.

ఈ బల్ల మీద ఒక పిన్ను పెట్టాను, దగ్గరకు వచ్చి చూడవచ్చు. ఇది లారీ కింగ్‌పిన్ను. తుడిస్తే అద్దంలా మెరుస్తోంది, కంటికి ఏ లోపమూ కనిపించదు. దీనిని శుభ్రంగా కడిగి, కిరోసిన్‌లో నానబెట్టి, పైన తడి లేకుండా తుడిచి, సుద్దపొడిని నీళ్లలో కలిపి సన్నగా పూశాను. పూత ఆరాక ఇక్కడ, తాళం గాడి పక్కన, వెంట్రుకంత సన్నని గీత ఒకటి తడిగా తేలింది. పగుల్లోకి దిగిన కిరోసిన్‌ను సుద్ద బయటకు పీల్చింది. ఈ పిన్నును పక్కన పడేయవలసిందే. కిరోసిన్ దొరకకపోతే డీజిల్‌తోనూ ఈ పరీక్ష చేయవచ్చు. పాతసామానుకు ఖర్చు లేని పరీక్ష ఇంతకన్నా నాకు తెలియదు.

వంపు ప్లేటుకు అచ్చంగా సరిపోయేది రెండడుగుల వ్యాసం ఉన్న పాత ఉక్కు నీటి పైపు. దానిని పొడవునా నాలుగుగా చీలిస్తే నాలుగు బ్లేడులు వస్తాయి. నలుగురు కలిసి కొనుక్కుంటే ఇంకా చవక. పావు పైపు ముక్క ఎత్తు 43 సెంటీమీటర్లు ఉంటుంది, దాని కింది అంచు నేలతో సహజంగానే 45 డిగ్రీల కోణం చేస్తుంది. పై భాగాన్ని ఐదు పది డిగ్రీలు ముందుకు వాల్చి బిగిస్తే, కోత కోణం 50, 55 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. మన ఎర్రనేలలకు అది సరైన కోణం. పైపును గ్యాసుతో చీల్చేటప్పుడు ఒక్క బిగిన కోసుకుపోకూడదు. తయారీలో లోపల దాగిన ఒత్తిడి వల్ల చీలిన పైపు ఒక్కసారిగా విచ్చుకుంటుంది, ముక్క మెలి తిరుగుతుంది. అడుగుకొక చోట అంగుళం మేర కోయకుండా వదిలి, అంతా చల్లారాక ఆ వంతెనలను చివర్లో తెంచాలి. పైపు దొరకనివారు ప్లేటును ప్రెస్సు మీద నాలుగైదు మడతలు పెట్టించుకోవచ్చు. పీపాలు మాత్రం వద్దు, వాటి రేకు మరీ పలుచన. పాత డీజిల్ ట్యాంకును కోద్దామన్న ఆలోచన అసలే వద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికి మంట తగిలితే అది బాంబుతో సమానం.

కోత అంచు విషయంలో చాలామంది లారీ కమాన్ పట్టీని తెచ్చి బ్లేడుకు వెల్డింగ్ చేసేస్తారు. కమాన్ పట్టీ ఉక్కులో కార్బన్ అర శాతానికి మించి ఉంటుంది. అరుగుదలకు తట్టుకునే గుణం దానికి అందుకే వచ్చింది, వెల్డింగుకు లొంగని గుణమూ అందుకే వచ్చింది. వెల్డింగు పక్కన వేడెక్కి త్వరగా చల్లారిన భాగం గాజులా పెళుసెక్కి, మొదటి రాతి దెబ్బకే టప్పున విరుగుతుంది. కాబట్టి దానిని బోల్టులతో బిగించాలి. రంధ్రం వేయడానికి డ్రిల్లు దిగదు కనుక రంధ్రాల చోటును ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి, రాత్రంతా నిదానంగా చల్లారనిచ్చి, తర్వాత వేయాలి. నన్నడిగితే కమాన్ పట్టీ రెండో మాట. మొదటి మాట రోడ్లు వేసే మోటార్ గ్రేడర్ల అరిగిన అంచు. అవి సాధారణంగా ఆరడుగులు, ఏడడుగుల పొడవుల్లో వస్తాయి, బోల్టు రంధ్రాలు ముందే ఉంటాయి, ఒకవైపు అరిగితే తిరగేసి బిగించుకోవచ్చు. గ్రేడర్‌కు పనికిరాదని తీసిపారేసిన అంచు మన కయ్యకు ఏళ్లపాటు వస్తుంది. రోడ్డు కాంట్రాక్టర్ల యార్డుల్లో అడిగితే తూకానికి ఇస్తారు. బోల్టు తల పైకి పొడుచుకు రాకుండా ప్లేటులోకి కూరుకునే రకం వాడాలి, లేకపోతే మట్టి తలలను వారంలో అరగదీసి పానా పట్టకుండా చేస్తుంది.

ఇప్పుడు చట్రానికీ బ్లేడుకూ నడుమ ఉండే దూలం దగ్గరకు వద్దాం. ఇక్కడే నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. బట్టల కొట్లో గుడ్డ చుట్టే అట్టగొట్టం ఒకటి తెచ్చాను. దీనిని రెండు చేతులతో మెలితిప్పుతున్నాను, కదలడం లేదు. ఇప్పుడు షేవింగు బ్లేడుతో దీనిని నిలువునా ఒక్క గాటు పెడుతున్నాను. ఒక్క పిసరు అట్ట కూడా తీసేయలేదు. మళ్లీ తిప్పుతున్నాను చూడండి, తడిగుడ్డలా తిరిగిపోతోంది. ఉక్కుకూ ఇదే న్యాయం. నూరు మిల్లీమీటర్ల చదరపు పెట్టె పైపు, ఆరు మిల్లీమీటర్ల గోడ ఉన్నది, మెలికి ఎదురు నిలిచే బిగువులో, అదే పైపును ఒక పక్క చీల్చినదానికన్నా నూరు రెట్లకు పైగా మేలు. మనవాళ్లు షెడ్డులో పడి ఉన్న సి-చానెల్‌ను దూలంగా వాడతారు. చానెల్ అంటే ఒక పక్క తెరిచిన పెట్టె. నిలువు బరువును బాగా మోస్తుంది, మెలికి మాత్రం నిలవదు. బ్లేడు ఒక కొస కింది భాగానికి దెబ్బ తగిలినప్పుడల్లా ఈ దూలం మెలి తిరుగుతుంది. మీ దగ్గర చానెళ్లే ఉంటే రెండింటిని ఎదురెదురుగా పెట్టి, అంచులు కలిపి పొడవునా వెల్డింగ్ చేయండి. తెరిచిన రెండు ముక్కలు కలిసి ఒక మూసిన పెట్టె అవుతుంది, ఖర్చు కొన్ని వెల్డింగ్ రాడ్లు.

దూలం పొడవు ఎంత ఉండాలన్నదానికీ ఒక లెక్క ఉంది. వెనుక టైర్ల వెనుక అంచు ట్రాక్టర్ వెనుక ఇరుసు నుంచి 65 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. బ్లేడును 30 డిగ్రీలు తిప్పితే దాని ఒక కొస 45 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. జానెడు ఖాళీ కలుపుకుంటే, బ్లేడు ఇరుసు ట్రాక్టర్ వెనుక ఇరుసుకు 1.3 మీటర్లకు తగ్గకూడదు. అలాగని ఎక్కువ దూరమూ పెట్టకూడదు. ముందు చక్రాలు ఒక మెరక ఎక్కినప్పుడు ట్రాక్టర్ వెనుక ఇరుసు మీద ఊగి, వెనుక ఉన్న బ్లేడు నేలలోకి దిగుతుంది. చక్రాల మధ్య దూరం 1.9 మీటర్లు, బ్లేడు దూరం 1.5 మీటర్లు అనుకుంటే, ముందు చక్రాలు పది సెంటీమీటర్లు లేస్తే బ్లేడు సుమారు ఎనిమిది సెంటీమీటర్లు దిగుతుంది. కొత్తగా బ్లేడు తోలినవారి కయ్య అలలు అలలుగా తయారవడానికి మూలం ఇదే. నడిపేవాడి చేతకానితనం కాదు. అందుకే నా సలహా దూలం రెండడుగులకు మించకుండా చూసుకోమని. 30 డిగ్రీలు తిప్పిన ఆరడుగుల బ్లేడు ఐదడుగుల రెండంగుళాల వెడల్పే కోస్తుంది కనుక, మీ వెనుక టైర్ల బయటి కొలత అంతకన్నా ఎక్కువైతే ఆరున్నర అడుగుల బ్లేడు చేసుకోవాలి. లేకపోతే కోసిన చోటును టైరు మళ్లీ తొక్కుతుంది.

ఇరుసు దగ్గర మూడు ప్లేట్ల అమరిక చేయండి. దూలం చివర పైన ఒక ప్లేటు, కింద ఒక ప్లేటు, ఆ రెండింటి నడుమ దూరేలా బ్లేడుకు అంటించిన మూడో ప్లేటు. అప్పుడు కోణం నిలిపే పిన్ను రెండు చోట్ల పట్టు పొందుతుంది. ఇందాకటి నాలుగున్నర టన్నులు 20 మిల్లీమీటర్ల పిన్ను ఒకే చోట మోస్తే, దాని మీద చదరపు మిల్లీమీటరుకు 140 న్యూటన్ల కోత బలం పడుతుంది. మామూలు ఎమ్మెస్ ఇనుము లొంగిపోవడం మొదలయ్యేది ఇంచుమించు అక్కడే. మూడు ప్లేట్ల అమరికలో అదే పిన్ను మీద 70 మాత్రమే పడుతుంది. అదనంగా అయ్యేది ఒక ప్లేటు ముక్క. పిన్నుకు మాత్రం హైటెన్సైల్ బోల్టు వాడవద్దు. నిజంగా పెద్ద బండరాయి తగిలి ఏదో ఒకటి తెగక తప్పని రోజున, తెగవలసింది చవకైన పిన్నే గాని ట్రాక్టర్ కింది చేయి కాదు. డబ్బాలో రెండు పిన్నులు అదనంగా పెట్టుకుంటే సరిపోతుంది. కోణపు రంధ్రాలను అటూ ఇటూ 15 డిగ్రీలకు ఒకటి చొప్పున, మూడు ప్లేట్లనూ కలిపి పట్టించి ఒకేసారి వేయండి. విడివిడిగా వేస్తే ఎప్పటికీ కలవవు.

కొందరు లారీ హబ్బును బేరింగులతో సహా తెచ్చి తిరిగే ఇరుసుగా వాడతారు. బరువు మోయడంలో దానికి సాటి లేదు, నేనూ మెచ్చుకుంటాను. కానీ దాని చక్రపు బోల్టు రంధ్రాలనే కోణానికి వాడుకుందామంటే, పది రంధ్రాల హబ్బుకు ఒక్కో మెట్టు 36 డిగ్రీలు వస్తుంది. అది మన పనికి మరీ మోటు. హబ్బును ఇరుసుకు వాడి, కోణానికి వేరే ప్లేటు వేసుకోవలసిందే.

వెల్డింగు గురించి తెలిసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక రెండు మాటలే చెబుతాను. ఇరుసు ప్లేట్లకు, హిచ్ చట్రానికి 7018 రాడ్డు వాడండి; వంపు ప్లేటు పక్కటెముకలకు 6013 చాలు. 7018 రాడ్డు తేమను పీల్చిందంటే వెల్డింగు లోపల పగుళ్లు వస్తాయి. చెన్నై గాలిలో, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే వానల్లో, పెట్టె విప్పి వదిలేసిన రాడ్డు ఎంతమాత్రం నమ్మదగినది కాదు. ఓవెనులో ఎండబెట్టిన రాడ్డునే వాడాలి. పది మిల్లీమీటర్లకు మించిన ప్లేట్ల అంచులను ఏటవాలుగా గ్రైండ్ చేయకుండా అతికిస్తే పైపొర మాత్రమే కలుస్తుంది. వంపు ప్లేటుకు పక్కటెముకలు అంటించేటప్పుడు ఒక కొస నుంచి మరో కొసకు సాగిపోకుండా, మధ్యలో కొంచెం, కుడివైపు కొంచెం, ఎడమవైపు కొంచెం చేసుకుంటూ పోతే ప్లేటు అరటికాయలా వంగిపోకుండా ఉంటుంది. ట్రాక్టర్‌కు తగిలించి ఉండగా వెల్డింగు చేయవలసి వస్తే బ్యాటరీ తీగలు విప్పి చేయండి.

పొలంలో దించాక మొదట చూడవలసింది హైడ్రాలిక్ లీవర్లు. డ్రాఫ్ట్ లీవర్ మీద పెడితే, మట్టి బరువెక్కినప్పుడల్లా ట్రాక్టర్ తనంతట తానే బ్లేడును ఎత్తేస్తుంది. అది మడకకు వరం, బ్లేడుకు శాపం. బ్లేడును మనం పెట్టిన ఎత్తులోనే నిలిపే పొజిషన్ లీవర్ మీదే పని చేయాలి. పై లింకును పొడవు చేస్తే బ్లేడు పై అంచు వెనక్కి వాలి, కింది అంచు నేలలోకి చొచ్చుకుపోయి కోస్తుంది. పొట్టి చేస్తే అంచు నిలువుగా నిలిచి, కోయకుండా పరుస్తుంది. కుడి లిఫ్టు రాడ్డు మర తిప్పి ఒక కొసను దించితే పంటకాలువ తీయవచ్చు. ఎండిన గట్టినేలలో బ్లేడు దిగకపోతే దాని మీద మనిషిని నిలబెట్టే అలవాటు మన వైపు ఉంది, దయచేసి మానేయండి. ముందుగా గొర్రు తోలి నేలను గుల్ల చేసుకోండి, లేదా దూలం మీద చిన్న పెట్టె కట్టి అందులో రాళ్లు వేసుకోండి. మెరక మట్టిని పల్లానికి మోసుకుపోవడమే మీ ముఖ్యమైన పని అయితే, బ్లేడు రెండు కొసలకూ బోల్టులతో విప్పి పెట్టుకునే పక్క రెక్కలు చేయించుకోండి. రెక్కలు లేని బ్లేడు పది గజాలు పోయేసరికి సగం మట్టిని పక్కలకు జార్చేస్తుంది.

మీ ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

(వెనుక వరుసలోంచి ఒక పెద్దాయన: "అయ్యా, బ్లేడును తిరగేసి పెట్టి, రివర్సులో మట్టిని నెట్టవచ్చునా? మా ఊళ్లో అలాగే చేస్తున్నారు.")

నెట్టవచ్చునండీ, కాకపోతే దేనిని నెడుతున్నామన్నది చూసుకోవాలి. మూడు బిందువుల అమరిక లాగడానికి పుట్టింది. ముందుకు పోతున్నప్పుడు కింది చేతులు సాగే బలంలో ఉంటాయి. సాగే బలంలో సన్నని ఉక్కు కూడా నిలుస్తుంది. రివర్సులో నెట్టినప్పుడు అవే చేతులు నొక్కుడు బలంలోకి వస్తాయి, నొక్కుడులో పొడవాటి కడ్డీ పక్కకు వంగిపోతుంది. చేతులు అటూ ఇటూ ఊగకుండా పట్టే పక్క గొలుసులు వదులుగా ఉంటే ఆ వంపు ఇంకా త్వరగా వస్తుంది. గుల్లగా ఉన్న పేడనో ఇసుకనో తక్కువ గేరులో, నిదానంగా, గొలుసులు బిగించి నెట్టండి, ఏమీ కాదు. పాత గెనిమను గాని, ఎండిన మట్టికుప్పను గాని రివర్సులో గుద్దవద్దు. అలా చేయక తప్పని పని ఉన్నవారు చట్రం నుంచి వెనుక ఇరుసు హౌసింగు దాకా రెండు ఆనుకట్టు కడ్డీలు పెట్టించుకోవాలి. అది మీరు చెప్పిన ఊళ్లో ఎవరైనా పెట్టారా?

("లేదండీ, చేతులు వంగితే కాల్చి సరిచేసుకుంటున్నారు.")

కాల్చి సరిచేసిన చేతిని మళ్లీ నమ్మకండి. తయారీలో దానికి ఇచ్చిన గట్టిదనం ఆ మంటలోనే పోతుంది. కింది చేతి ధర ఎంతైనా, బ్లేడును ఎత్తి ఉంచి దాని పక్కన నడిచే మనుషులు ఉంటారు కనుక, కొత్తది వేయించుకోమని చెప్పండి. బ్లేడు కిందికి దూరి బోల్టు బిగించవలసి వచ్చినా అంతే. హైడ్రాలిక్ మీద వేలాడుతున్న బ్లేడు కిందికి పోకుండా, ముందు దానిని కొయ్యదిమ్మెల మీదికి దించి, ఇంజను ఆపి, ఆ తర్వాత పానా పట్టుకోమనండి.